52కే ఉద్యోగం మానేస్తే పైసలు సరిపోతయా?

ప్రశ్న: నాకు 52 ఏండ్లు. వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో 26 ఏండ్ల నుంచి చేస్తున్న. షుగర్ ఉంది, రాత్రి షిఫ్టులు ఇక నాతోని అయితలేవు. బేసిక్, డీఏ కలిపి 40,000. పీఎఫ్‌లో 32 లక్షలు, ప్లాటు అమ్మిన డబ్బుతో కలిపి బ్యాంకు డిపాజిట్లు 37 లక్షలు, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చినవి 9 లక్షలు ఉన్నాయి. సాగర్ ఎడమ కాల్వ కింద 3 ఎకరాల కౌలు ఏడాదికి 60,000 వస్తుంది. మిర్యాలగూడలో సొంతిల్లు, అప్పుల్లేవు. బిడ్డ పెండ్లయింది, కొడుకు బీటెక్ రెండో సంవత్సరం. ఇంటి ఖర్చు నెలకు 32,000. ఇప్పుడే రాజీనామా చేయొచ్చా?
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: ఇప్పుడు వద్దు. 55 నిండాక చేయండి. ఈ మూడేండ్లు ఎందుకు ఆగమంటున్నామో లెక్కతో చెబుతాం.

ముందు ఖర్చు సంగతి. మీరు రాసిన 32,000లో పండుగలు, పెట్టుపోతలు, ఇంటి రిపేర్లు, కంపెనీ కార్డు పోయాక కట్టాల్సిన హెల్త్ పాలసీ ప్రీమియం లేవు. అవన్నీ కలిపితే నెలకు 40,000కు తగ్గదు, అంటే ఏడాదికి 4.8 లక్షలు. కౌలు పోగా 4.2 లక్షలు మీ నిధిలోంచే తీయాలి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏండ్లకు ఇదే ఖర్చు రెట్టింపవుతుంది. అందుకే 50ల్లో మానేసేవారి దగ్గర ఏడాది ఖర్చుకు కనీసం 30 రెట్లు ఉండాలని మేం అంటాం. మీకైతే 1.26 కోట్లు కావాలి.

మీ దగ్గర ఎంతుంది? గ్రాట్యుటీ అంటే చివరి బేసిక్, డీఏను 15తో, సర్వీసు ఏండ్లతో గుణించి 26తో భాగించడం. మీ సర్వీసు కూడా 26 ఏండ్లే కాబట్టి సరిగ్గా 6 లక్షలు వస్తుంది. దానికి పీఎఫ్, డిపాజిట్లు కలిపితే 75 లక్షలు. దానిపై 7.5 శాతం రాబడి వచ్చినా మీకు 73 వచ్చేసరికి అడుగంటుతుంది. ఇంట్లో ఇద్దరిలో ఒకరైనా 85 దాకా ఉంటారనుకునే లెక్క వేసుకోవాలి.

వడ్డీకిచ్చిన 9 లక్షలను కావాలనే కలపలేదు. ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేండ్లు దాటితే దావా నిలవదు. ఆ గడువులోపే బాకీదారు కొంత కట్టి, నోటు వెనక జమ రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేండ్లు లెక్క. ఈ వారమే నోట్లన్నీ తీసి తేదీలు చూడండి. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీకి తీసుకునేవాళ్లకు బ్యాంకులో అప్పు పుట్టలేదనే అర్థం, అసలుకే ప్రమాదం. కొత్తగా ఎవరికీ ఇవ్వకండి. మెల్లగా వసూలు చేసి బ్యాంకులో వేయండి. కౌలునూ పూర్తిగా నమ్మొద్దు, 2023లో సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాల్వ ఆయకట్టు ఎంత ఇబ్బంది పడిందో మీకు తెలిసిందే. ఎకరానికి 12,000 రైతు భరోసా వస్తే మంచిదే, నెల ఖర్చు మాత్రం దాని మీద పెట్టుకోకండి.

ఇక ఆ మూడేండ్ల సంగతి. మీకు షుగర్ ఉంది కాబట్టి ఇప్పుడు పాలసీ తీసుకుంటే ఆ జబ్బు సంబంధిత ఖర్చులకు గరిష్ఠంగా మూడేండ్లు వేచి ఉండాలి. కంపెనీ కార్డు ఉండగానే సొంత పాలసీ మొదలుపెడితే, మానేసే నాటికి ఆ గడువు తీరిపోతుంది. ఫారంలో షుగర్ దాచకండి. దాస్తే క్లెయిము తిరస్కరించొచ్చు. కొడుకు చదువు కూడా ఈలోపు జీతంతోనే అయిపోతుంది.

రెండోది, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్. మామూలుగా 60 నిండాలి. 55 దాటి రిటైరైనవారు మాత్రం ఆ రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు ఇందులో వేయొచ్చు. 52కు మానేస్తే ఈ అవకాశమే లేదు. 30 లక్షల పరిమితి మేరకు వేస్తే 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది.

55కు గ్రాట్యుటీతో కలిపి మీ నిధి సుమారు 97 లక్షలవుతుంది. బాకీలు వసూలై, 60 దాకా మిల్లులోనో దుకాణంలోనో పగటి పని చేసి నెలకు 20,000 తెచ్చుకుంటే, 83 దాకా లాగొచ్చు. ఏ పనీ చేయకుండా కూర్చోవాలంటే మాత్రం 58 దాకా ఉద్యోగమే నయం. అప్పటిదాకా రాత్రి షిఫ్టు తప్పించి జనరల్ షిఫ్టు ఇమ్మని డాక్టరు చీటీతో అడగండి. మీ అసలు బాధ అదే కదా.

పీఎఫ్ పింఛన్ 58కే తీసుకోండి. 50 తర్వాత ఎప్పుడైనా ఇస్తారు గానీ ముందుకు జరిపిన ప్రతి ఏడాదికి 4 శాతం కోస్తారు. 2014 ఆగస్టు దాకా 6,500, ఆ తర్వాత 15,000 జీతం మీదే లెక్క కాబట్టి, మీకొచ్చేది నెలకు 4,000 దరిదాపే. మానేసేటప్పుడు 10సీ ఫారంతో స్కీమ్ సర్టిఫికెట్ (మీ సర్వీసు, పింఛన్ హక్కు నిలిపే పత్రం) తీసి పెట్టుకోండి. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, నామినీని కూడా ఎక్కించండి. డిపాజిట్లకు బీమా ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే, అందుకే 37 లక్షలూ ఒకేచోట పెట్టొద్దు.

ప్రశ్న: ప్రభుత్వ టీచర్ని. జీతంలోంచి కొంత, ప్రభుత్వం కొంత జమచేసే పింఛన్ పథకం సీపీఎస్‌లో ఉన్న. ఖాతాలో 40 లక్షలు ఉన్నాయి. ముందే మానేస్తే ఎంత చేతికొస్తుంది?
– మహబూబ్‌నగర్ పాఠకురాలు

జవాబు: 61 నిండి దిగితే 60 శాతం, అంటే 24 లక్షలు చేతికొస్తాయి, మిగతాది యాన్యుటీకి, అంటే నెలనెలా పింఛన్ ఇచ్చే బీమా పథకానికి పోతుంది. ముందే బయటికొస్తే తిరగబడుతుంది. 8 లక్షలే చేతికి, 32 లక్షలు యాన్యుటీకి. 6.5 శాతం రేటు దొరికితే నెలకు సుమారు 17,300 వస్తుంది. సాధారణ యాన్యుటీలో అది ఎన్నేళ్లయినా అంతే, డీఏ కలవదు.