పెద్దోడు గిఫ్ట్ డీడ్ అడుగుతున్నాడు, రాసివ్వాలా?

ప్రశ్న: నాకు 72 ఏళ్లు, రిటైర్డ్ టీచర్‌ని. హన్మకొండలో 200 గజాల ఇల్లు నా జీతంతో కట్టుకున్నదే. నర్సంపేట దగ్గర మూడెకరాల భూమి ఉంది. నేను పుట్టకముందే మా తాత పోయిండు. ఆయన ఆస్తిని మా నాయిన, మేం అన్నదమ్ములం పంచుకున్నప్పుడు ఆ భూమి నా వాటాకు వచ్చింది, పట్టా నా పేరే. ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. ఇల్లూ భూమీ ఇప్పుడే తన పేర గిఫ్ట్ చేస్తే తమ్మునికి డబ్బు సర్దుతనని పెద్దోడు అంటున్నాడు. చెల్లెకు పెళ్లిలో కట్నం ఇచ్చినం కాబట్టి వాటా లేదంటడు. బ్యాంకు ఎఫ్‌డీలకు నామినీ కూడా ఆయనే. నా భార్యకు షుగర్, మోకాళ్ల నొప్పులు. గిఫ్ట్ మేలా, వీలునామా మేలా?
ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: సార్, భార్య గురించి మీరు చివరన ఒక్క ముక్క రాశారు. నా జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. రేపు మీకేమన్నా అయితే ఆమె ఎవరింట్లో ఉండాలి, మందులకు ఎవరిని అడగాలి? ఈ రెండూ తేలాకే పిల్లల వాటాలు.

అందుకే ఇల్లు ఇప్పుడు గిఫ్ట్ చేయొద్దు. రిజిస్ట్రేషన్ అయి మీ పెద్దబ్బాయి దాన్ని స్వీకరిస్తే ఇక ఇల్లు ఆయనదే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు. మీ అబ్బాయి మంచివాడే అనుకుందాం, అయినా ఆయనకు అప్పులైతే అప్పులోళ్లు వచ్చేది ఆ ఇంటి మీదికే. మనసు మారిందని డీడ్‌ను మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు.

కొడుకు చూసుకోకపోతే గిఫ్ట్ రద్దవుతుందట కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకు 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉన్నమాట నిజం. ఆర్డీవో ట్రిబ్యునల్ అలాంటి డీడ్ చెల్లదని ప్రకటించగలదు. కాని మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలాలి. షరతు లేకపోతే ఆ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దల పక్షాన ఉదారంగా చదవాలంది. ఇంటిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందంది. అయితే ఆ కేసులో తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. మీవాడు గిఫ్ట్ కోసం మరీ పట్టుబడితే పోషణ షరతు, మీ ఇద్దరికీ జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు డీడ్‌లోనే రాయించండి. అట్లాంటి గిఫ్ట్ చెల్లుతుంది. ఆ షరతులు చదివాక ఆయన పట్టు సడలితే మీకు ఇంకో సంగతి కూడా తెలిసినట్టే.

నా సలహా మాత్రం వీలునామాయే. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు, బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. మీరుండగా దాని నకలు మీ అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వరు. సాక్షులు ఇద్దరు కావాలి. అలవాటుగా తోటి రిటైర్డ్ సార్లను పిలవకండి. తగాదా కోర్టుకెక్కితే సాక్షి బోనులో నిలబడి చెప్పాలి, కాబట్టి మీకంటే బాగా చిన్నవాళ్లు, మీ ఆస్తిలో చిల్లిగవ్వ రానివాళ్లు కావాలి. అదే రోజు డాక్టరుతో మీ మానసిక ఆరోగ్యం మీద సర్టిఫికెట్ తీసుకోండి. లాభపడే కొడుకే తండ్రిని కారెక్కించుకుని తీసుకుపోయి రాయించినవి, కారణం చెప్పకుండా భార్యనో బిడ్డనో వదిలేసినవి కోర్టుల్లో అనుమానానికి గురవుతాయి. ఎవరికైనా తక్కువ రాస్తే ఎందుకో ఒక్క వాక్యం రాయండి.

భార్య జీవితాంతం అనుభవించి, ఆ తర్వాత కొడుకులకు చెందాలి అని రాయించడం మన దగ్గర రివాజు. ఆ వాక్యం తగాదాల పుట్ట. పోషణ హక్కుకు బదులుగా భార్యకు ఇలా బతికినంత కాలానికే ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తర్వాతి తీర్పులు తలోవైపు పోయాయి. చివరికి 2024 డిసెంబరులో ఈ చిక్కును విస్తృత ధర్మాసనానికి పంపారు. మీ ఇంట్లో అంత పరీక్ష ఎందుకు? ఇంటిని పూర్తి హక్కులతో ఆమెకే రాయండి, తర్వాత ఎవరికన్నది ఆమె తన వీలునామాలో రాసుకుంటారు. ఆమె మీకంటే ముందే పోతే ఎవరికి రావాలో కూడా మీ దాంట్లో ఉండాలి. చాలా వీలునామాల్లో ఈ మాటే ఉండదు.

ఇక భూమి. పాస్‌బుక్ మీ పేర ఉన్నంత మాత్రాన మూడెకరాలూ మీవి కావు. మీ తాతగారు 1956 హిందూ వారసత్వ చట్టం రాకముందే పోయారు, అది పంపకంలో మీకు వచ్చిన పిత్రార్జితం. మీ పిల్లలకు అందులో పుట్టుకతోనే హక్కుంది. మీరూ ముగ్గురు పిల్లలూ కలిసి నాలుగు వాటాలు. మీరు వీలునామా రాయగలిగింది మీ 30 గుంటలకే, అంటే ముప్పావు ఎకరానికే. మూడెకరాలూ ఒక కొడుక్కి గిఫ్ట్ చేస్తే మిగతా ఇద్దరిలో ఎవరు కోర్టుకెళ్లినా అది నిలవదు.

కట్నం ఇచ్చినందుకు బిడ్డ వాటా పోదు. 1961 నుంచి కట్నం ఇవ్వడమే నేరం, దాన్ని వాటా కింద జమకట్టమని ఏ కోర్టునూ అడగలేరు. 2005 సవరణతో పెళ్లయిన బిడ్డకూ కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. ఆమె ఇష్టంతో వదులుకుంటే వేరే మాట, అప్పుడు హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాలి. ఇంట్లో తెల్లకాగితం మీద సంతకం సరిపోదు. అందరూ ఒప్పుకుంటే మీరుండగానే స్లాట్ బుక్ చేసి తహసీల్దార్ ఆఫీసులో భాగపంపిణీ రిజిస్టర్ చేయించండి. మీ తర్వాత విరాసత్ (వారసుల పేర పట్టా మార్పు) కోసం వాళ్లు తిరిగే తిప్పలు తప్పుతాయి.

నామినీ అంటే వారసుడు కాడు. బ్యాంకు నుంచి డబ్బు అందుకునే మనిషి మాత్రమే. వీలునామా లేకపోతే ఆ ఎఫ్‌డీల్లో మీ భార్యకూ ముగ్గురు పిల్లలకూ సమాన వాటాలు. 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. మీకు అంత అవసరం లేదు, భార్య పేరు పెట్టి, వీలునామాలోనూ అదే రాయండి. ఖాతాను ఇద్దరి పేరా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేట్టు మార్పించండి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఆమె పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయో చూసుకోండి.

పెద్దబ్బాయి జీపీఏ (మీ తరఫున పనులు చేసే అధికార పత్రం) అయినా ఇవ్వమని అడగొచ్చు. అది మీరు పోతే చెల్లదు, మీ మతి స్థిమితం తప్పినా చెల్లదు. అంటే మీకు నిజంగా అక్కరకొచ్చే రోజున అది పనికిరాదు. ఆసుపత్రి ఖర్చులకు ఉమ్మడి ఖాతాయే నయం. ఈ నెల పెన్షన్ తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు మీ భార్యను వెంట తీసుకెళ్లి నామినీ ఫారం, జాయింట్ ఖాతా ఫారం నింపి రండి. వీలునామాకు ఇంటి డాక్యుమెంట్లు, పాస్‌బుక్, పాత పంపకం కాగితం పట్టుకుని మీకు నమ్మకమున్న వకీలు దగ్గరికి వెళ్లండి. కొడుకులను ఇంటి దగ్గరే ఉంచండి.