టర్బో స్పోర్ట్స్ కారుకు ఏ పెట్రోలు మంచిది? ఆక్టేన్ బూస్టర్ కలపాలా?

మీరు అడిగింది ఇదీ: అనంతపురంలో ఉంటారు, 2018 మోడల్ యూరప్ కంపెనీ టర్బో స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు. ఊళ్లో 100 ఆక్టేన్ పెట్రోలు దొరకడం లేదు కాబట్టి ట్యాంకు నింపినప్పుడల్లా ఆక్టేన్ బూస్టర్ సీసా ఒకటి పోయాలా అని.

వద్దండీ. నేనూ కడపలో ఏళ్లుగా టర్బో పెట్రోల్ కారే నడుపుతున్నాను. సీసా గురించి ఆలోచించే ముందు రెండు విషయాలు చూసుకోవాలి: మీ ఇంజనుకు ఎంత ఆక్టేన్ కావాలి, మీరు పోయించే బంకులో సరుకు ఎలాంటిది. ఈ రెండూ సరిగ్గా ఉంటే సీసాతో పనే లేదు.

ముందు పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చదవండి. యూరప్ టర్బో కార్లలో చాలావాటికి కనీసం ఆర్‌ఓఎన్ (మన దగ్గర ఆక్టేన్ చెప్పే లెక్క) 95, వీలైతే 98 అని ఉంటుంది. ఆక్టేన్ అంటే పవర్ కాదు. సిలిండర్‌లో నొక్కుకుపోయి వేడెక్కిన పెట్రోలు, స్పార్క్ అంటించిన మంట తన దాకా రాకముందే దానంతట అదే అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే లెక్క అది. తట్టుకోలేకపోతే వచ్చేదే నాకింగ్. ఇప్పటి కార్లలో నాక్ సెన్సర్ దాన్ని పసిగట్టి స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇంజను బతుకుతుంది, పికప్ మాత్రం కొంచెం తగ్గుతుంది. 95తో నడిచేలా చేసిన ఇంజనులో 100 పోస్తే అదనంగా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

అమెరికా వాళ్ల వీడియోలు చూసి కంగారు పడకండి. అక్కడి బంకుల మీద రాసే 91, 93 వేరే లెక్క. వాళ్ల 91 మన లెక్కలో సుమారు 95, వాళ్ల 93 సుమారు 98.

ఇక మన దగ్గర దొరికేది. ఇదివరకు మామూలు పెట్రోలు 91 ఆక్టేన్. ఇథనాల్ ఆక్టేన్ 108 దాకా ఉంటుంది కాబట్టి, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 వచ్చాక మామూలు పెట్రోలే 95కి చేరిందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. ఎక్స్‌పీ95, పవర్95 లాంటి ప్రీమియం పెట్రోళ్లలో అదనంగా ఇంజెక్టర్లను శుభ్రంగా ఉంచే డిటర్జెంట్ ఉంటుంది. లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువైనా నేను అదే పోయిస్తాను. 100 ఆక్టేన్ సంగతి వేరు, ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100 మొదలైనప్పుడే, 2020 డిసెంబరులో, లీటరు 160 రూపాయలు. మీ స్టిక్కర్ మీద కనీసం 98 అని ఉంటే తప్ప అంత పెట్టనక్కర్లేదు. ఒకవేళ అలాగే ఉంటే బెంగళూరు వెళ్లినప్పుడు అక్కడ నింపుకోండి, ఇక్కడ 95 ఉన్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి.

మన ఎండలు మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో బయట 43 డిగ్రీలుంటే ఇంజను పీల్చే గాలే వేడిగా ఉంటుంది, నాకింగ్ తొందరగా వస్తుంది. నలుగురు మనుషులు, ఏసీ ఫుల్‌గా పెట్టుకుని, గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనక ఐదో గేర్‌లోనే ఉండి యాక్సిలరేటర్ తొక్కితే ఎంత ఖరీదైన పెట్రోలున్నా ఇంజను ఇబ్బంది పడుతుంది. మూడో గేర్‌కి దించి ఆర్‌పీఎం పెంచండి, కారు హాయిగా ఎక్కుతుంది. ఘాట్ మీద గేర్ దించడం ఏ సీసా కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

సీసాల దగ్గరికి వస్తే, వాటి మీద '5 పాయింట్లు పెంచుతుంది' అని ఉంటే 95 కాస్తా 100 అవుతుందని కాదు. చాలా కంపెనీల లెక్కలో పది పాయింట్లు కలిస్తే ఒక ఆక్టేన్, అంటే 95.5 అయిందన్నమాట. పైగా కొన్నింటిలో ఎంఎంటీ అనే మాంగనీసు రసాయనం ఉంటుంది. మా బావమరిది కారు మిస్ కొడుతోందంటే ప్లగ్గులు విప్పించాం. లోపలి తెల్లటి పింగాణీ అంతా ఇటుకపొడి రంగు పొర కట్టి ఉంది, గోరుతో గీకినా రాలేదు. నెలల తరబడి పోసిన బూస్టర్ మిగిల్చింది అదే. ప్లగ్గులైతే మార్చేస్తాం, ఆ పొర పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పేరుకుంటే ఖర్చు మామూలుగా ఉండదు.

పీఈఏ (పాలీఈథర్ అమీన్) అనే మసి కడిగే రసాయనం ఉన్న ఇంజెక్టర్ క్లీనర్ వేరు. సర్వీసు చరిత్ర తెలియని సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఒక ట్యాంకుకు అది పోయడం మంచిదే. కానీ మీది డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులను తాకదు. కాబట్టి వాల్వుల మీది మసిని ట్యాంకులో పోసే ఏ మందూ కడగలేదు. దానికి గాలి గొట్టాల భాగమైన మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టించాల్సిందే.

ట్యాంకులో కలరా ఉండలు వేస్తే పికప్ వస్తుందని, టూ-స్ట్రోక్ బండ్లలో వాడే 2టీ ఆయిల్ కాస్త కలిపితే స్మూత్ అవుతుందని చెప్పేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. దయచేసి వినకండి. ఆయిల్ కలిస్తే ఆక్టేన్ పెరగదు, తగ్గుతుంది. కలరా ఉండల్లోని నాఫ్తలిన్ మళ్లీ పలుకులు కట్టిందంటే ఫిల్టర్, ఇంజెక్టర్ రెండూ పూడుకుపోతాయి.

బంకు విషయంలో నేను చూసేది ఒక్కటే: సరుకు ఆగకుండా అమ్ముడవుతోందా లేదా. చిన్న ఊళ్లలో ప్రీమియం పంపు దగ్గరికి బండ్లు వచ్చేదే తక్కువ. ఆ సరుకు భూమిలోని ట్యాంకులో ఎక్కువ రోజులు ఉంటుంది, వానాకాలంలో తేమ చేరితే ఇథనాల్ దాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి లోడు తరచుగా దిగే హైవే బంకు చూసుకోండి. మీకైతే 44వ నంబరు హైవే ఉండనే ఉంది. బెంగళూరు వెళ్తే కర్ణాటకలోకి దాటాక పోయించండి, రేటు కూడా తక్కువ. అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. నాజిల్ మూతి తుడిచి ఒక్క చుక్క వేయిస్తే రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. లేత గులాబీ ఛాయ ఉంటే అది పెట్రోలు రంగే, నల్లటి మరక మిగిలితే కల్తీ అని అనుమానించాలి.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. 2018 కారు చాలావరకు ఈ20 కోసం చేసినది కాదు. ఇథనాల్‌ను పెట్రోల్ నుంచి తీసేసే మందేదీ లేదు, 'ఇథనాల్ ప్రొటెక్షన్' సీసాలను నమ్ముకుని ఊరుకోవద్దు. ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్లు ప్రతి సర్వీసులో మెకానిక్‌తో చూపించండి. పెట్రోల్ వాసన వస్తే కారు తీయకండి. మైలేజీ ఆరేడు శాతం దాకా తగ్గితే టెన్షన్ పడనక్కర్లేదు, ఇథనాల్‌లో శక్తే తక్కువ. ఎప్పుడో ఒకసారి తీసే కారు అయితే సగం ట్యాంకుతో నెలల తరబడి షెడ్‌లో వదిలేయకండి.