ట్రస్టు పెడతానంటున్న నా జూనియర్‌కి

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. మీ నాన్నగారి పేరు మీద ట్రస్టు పెట్టాలని నీకుంది, మునిసిపల్ ఎన్నికల్లో నిలబడమని వార్డు జనం ఒకటే పోరు, ఈ రెండిట్లో ఏది ముందు అని అడిగావు. ఇది ఫోన్లో తేలేది కాదు. కాస్త ఓపిగ్గా చదువు.

ప్రజాసేవ చేసిన ప్లీడరు అంటే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ప్రకాశం పంతులుగారు. మన రాజమండ్రిలోనే ప్రాక్టీసు పెట్టి, ఇక్కడే మునిసిపల్ చైర్మన్ అయ్యి, ఆ తర్వాత బారిస్టరై మద్రాసులో లక్షలు గడించి, 1921లో అదంతా వదిలేసి, ఉన్నది ఉన్నట్టు స్వరాజ్య పత్రికకీ ఉద్యమానికీ ధారపోసి, 1957లో పోయేనాటికి వెనకేసుకున్నది ఏమీ లేని మనిషి. చేతులెత్తి దణ్ణం పెడతాను. అలాగని నువ్వూ ప్రాక్టీసు మానేస్తానంటే మాత్రం ఒప్పుకోను. నీకు సరిపోయే దారి న్యాపతి సుబ్బారావు పంతులుగారిది. 1878లో మద్రాసులో లా చదువుకునే రోజుల్లో ఇంకో ఐదుగురితో కలిసి, రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, ఎనభై కాపీలు అచ్చేయించి 'హిందూ' పత్రిక మొదలుపెట్టారు. ఆ తర్వాత రాజమండ్రి వచ్చి నల్లకోటు విప్పకుండానే మునిసిపాలిటీ, శాసనమండలి, చివరికి కాంగ్రెస్ ప్రధాన కార్యదర్శి పదవి దాకా మోశారు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటేనే నువ్వు ఎవరికైనా 'కుదరదు' అని చెప్పగలవు, ఊరి పనుల్లో అన్నిటికంటే ఎక్కువ వాడాల్సిన మాట అదే.

ఇక ట్రస్టు సంగతి. నీ దగ్గర డబ్బెంత ఉందో నాకు తెలుసు, అది పెద్ద లెక్క కాదు. డబ్బిచ్చేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్నారు, దస్తావేజు సరిగ్గా రాసేవాళ్ళే లేరు. నా దగ్గరికి ఒక సత్రం కేసు వచ్చింది. స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగిపోతే వెనకాల పల్చటి కాగితం అంటించి ఉంది, చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉంది. రోజుకు ఎంతమందికి భోజనం, పెరుగు ఉండాలా మజ్జిగ చాలా, అన్నీ రాశాడు ఆ మహానుభావుడు. ధర్మకర్త ఎవరన్న చోట మాత్రం 'నా పెద్ద కుమారుడు, అతని తర్వాత అతని పెద్ద కుమారుడు' అని వదిలేశాడు. ఆ పెద్ద కుమారుడికి మగపిల్లలు లేరు. అంతే, అన్నదమ్ముల పిల్లలంతా దావాలు, వాయిదాలు, ఒకరి మీద ఒకరు ఇంజంక్షన్లు, ఈలోపు సత్రం గోడలో రావిచెట్టు మొలిచింది. సత్రాన్ని ఎవరు, ఎలా నడపాలో కోర్టు చేత ఒక స్కీము వేయించేసరికి భోజనాల సంగతి అందరూ మర్చిపోయారు.

అందుకని నీ దస్తావేజులో మీ నాన్నగారి గొప్పతనం ఒక పేరాతో సరిపెట్టు. ధర్మకర్త చనిపోతే, రాజీనామా చేస్తే, మీటింగులకి రావడం మానేస్తే ఆ చోటు ఎలా నింపాలి, పెట్టుకున్న ఆశయం ఇక నెరవేరే దారి లేకపోతే ఆస్తి ఎటు పోవాలి, బ్యాంకులో ఎవరెవరి సంతకాలు కలిస్తే డబ్బు కదలాలి, వీటికి మాత్రం పేజీలు ఖర్చుపెట్టు. ఇంకోటి, నువ్వు ధర్మకర్తవైతే ఆ ట్రస్టు కేసుల్లో నువ్వు వకాల్తా వేయకూడదు, ప్లీడర్ల నడవడిక చూసే బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ముందే ఒక మంచి ప్లీడర్ని చూసుకో, ఫీజు కూడా ఇవ్వు, ఊరికే చేయించుకున్న పనికి వాయిదాలెక్కువ.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. రెండు వేలు దాటి నగదు ఇస్తే దాతకి పన్ను మినహాయింపు రాదు, కాబట్టి చెక్కో ట్రాన్స్‌ఫరో అడుగు. అమెరికాలో ఉన్న మీ బాబాయిగారి పిల్లలు పంపుతామంటున్నారన్నావు, అక్కడే టెన్షన్ అంతా. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత సంతతివాళ్ళకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, పంపితే వస్తుంది, దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. చుట్టాలే కదా అని కళ్ళు మూసుకుని తీసుకోకు.

ఫ్లెక్సీల జోలికి అసలు వెళ్ళకు. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం నీ బోర్డు మీద ఫలానా సంఘం అధ్యక్షురాలినని రాసుకోవడానికే లేదు, ఇక సెంటర్లో నల్లకోటు ఫోటో పెట్టి 'పేదల పెన్నిధి' అంటే ఎలా కుదురుతుంది? అభిమానులు కట్టారంటావు. అభిమానులకి నీ పాస్‌పోర్టు సైజు ఫోటో ఎవరిచ్చారు మరి.

ఎన్నికలంటావా, ఇప్పుడు కాదు. ముందు వార్డు పని చెయ్యి. కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చే ఆడమనిషికి, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం హక్కని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది, ఆ ముక్క ఆమెకి చెప్పేవాళ్ళుండరు. చెప్పి ఊరుకోకుండా న్యాయ సేవాధికార సంస్థ గది దాకా తీసుకెళ్ళి దరఖాస్తు నింపించు. కుళాయి నీళ్ళు, కరెంటు, పారిశుద్ధ్యం గొడవలకి శాశ్వత లోక్ అదాలత్ ఉంది, రాజీ కుదరకపోయినా అది తీర్పు చెప్పగలదు. మామూలు లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది కానీ ఆ అవార్డు, అంటే రాజీ తీర్పు, మీద అప్పీలు ఉండదు, సంతకం పెట్టించే ముందు ఇద్దరికీ తెలుగులో చదివి వినిపించు. పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తులు మీ వార్డు డ్రైన్ మీద రెండు వేసి చూడు, ముప్పై రోజుల్లో ఏం జవాబొస్తుందో చూస్తే నిలబడాలో వద్దో నీకే తెలుస్తుంది. గెలిచాక పార్టీవాళ్ళు ట్రస్టు ఖాతా వైపు చూస్తారు, అందుకే ఎప్పుడైనా నిలబడాలనుకుంటే ముందు ట్రస్టులోంచి బయటికి రా.

నువ్వు పంపిన డ్రాఫ్టు చూశాను. ధర్మకర్తలు నువ్వు, మీ అన్నయ్య, మీ వదిన, మీ ఆయన. బయటివాళ్ళని కనీసం ముగ్గుర్ని వెతుకు, వాళ్ళలో ఒకరు లెక్కలు తెలిసినవాళ్ళూ, ఒకరు నీ మాటకి అడ్డం చెప్పేవాళ్ళూ అయితే మంచిది. పేర్లు రాసుకుని ఆదివారం పొద్దున రా. మీ అన్నయ్యకి నేను ఫోన్ చేసి మాట్లాడతాను, నువ్వు చెబితే నొచ్చుకుంటాడు.