రీచార్జి కబుర్లు: ఒక జీబీ ప్యాక్ ఏమైపోయింది?

పాలకొల్లు బస్టాండు దగ్గర రీచార్జి కొట్టు పెట్టి నాకు పద్దెనిమిదేళ్లు. స్క్రాచ్ కార్డు మీద వెండిపూత రూపాయి బిళ్లతో గీకి, ఆ అంకెలు చదివి పెట్టే రోజుల నుంచీ కౌంటర్‌లో ఉన్నదాన్ని. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. పెద్ద ప్యాక్ వేస్తే నాకు కమిషన్ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తుంది. నేను చెప్పేది ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన, నెట్ పెద్దగా వాడనివాళ్ల గోడే.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. రోజుకు ఒక జీబీ వచ్చే 249 రూపాయల జియో ప్యాక్ వేసుకునేవాణ్ని. ఇప్పుడది యాప్‌లో కనపడటం లేదు. 299 వేసుకోమంటోంది. పొద్దున్నే పేపరు చూడటం, వాట్సాప్, అంతకుమించి నాకు నెట్‌తో పని లేదు. ఏం చేయమంటారు? – ఒక పాఠకుడు, ఆచంట

జవాబు: మాస్టారూ, మీ యాప్ పాడవలేదండి. 2025 ఆగస్టులో జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుల తేడాలో 249 ప్యాక్‌ని యాప్‌లోంచి తీసేశాయి. రెండింట్లోనూ రోజుకు ఒక జీబీయే. జియోలో 28 రోజులు వచ్చేది, ఎయిర్‌టెల్‌లో 24 రోజులే. జియోలో ఆ పైమెట్టు 299, రోజుకు ఒకటిన్నర జీబీ. అంటే 28 రోజులకు 42 జీబీ.

ఇప్పుడొక పని చేయండి. ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నెట్‌వర్క్ దగ్గర డేటా వాడకం ఎంతో చూడండి. మొన్న శివదేవునిచిక్కాల నుంచి ఒక పెద్దాయన ఇదే బాధతో వచ్చారు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, "అమ్మాయ్, యాభై రూపాయలు ఊరికే పెంచేశారు చూశావా" అన్నారు. ఆయన ఫోన్ తీసుకుని చూపించాను. నెల మొత్తానికి మొబైల్ డేటా 640 ఎంబీ. ఒక జీబీ కూడా కాదు! ఆయన వేసుకుంటున్న ప్యాక్‌లో వచ్చేది 28 జీబీ. చెంబుడు నీళ్ల కోసం కాలవ లాకు తలుపులు ఎత్తించినట్టుంది వ్యవహారం. మిగిలిన నెట్ రేపటికి దాచుకుందామన్నా కుదరదు. రోజువారీ డేటా ఏ రోజుది ఆ రోజే, అర్ధరాత్రి దాటితే సున్నా.

కాబట్టి 249 పోయిందని బాధపడకండి. మీకు 249 కూడా ఎక్కువే అయ్యుంటుంది. 2024 జూలైలో ధరలు పెంచినప్పటి లెక్క ప్రకారం జియోలో 189 ప్యాక్ ఉంది. 28 రోజులు, కాల్స్ అన్‌లిమిటెడ్, మొత్తం కలిపి 2 జీబీ. ఎయిర్‌టెల్‌లో అలాంటిదే 199. ఇందులో అర్ధరాత్రి గొడవ లేదు, ఆ 2 జీబీ ఒక్కరోజే వాడుకున్నా, 28 రోజులు వాడుకున్నా మీ ఇష్టం. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 13 సార్లు వేయించాలి. 299 చొప్పున 3,887 అవుతుంది, 189 చొప్పున 2,457. తేడా 1,430 రూపాయలు. ఈ చిన్న ప్యాకులు యాప్‌లో పైన కనపడవు, వేలితో కిందికి తోసుకుంటూ పోవాలి. వేయించుకునే రోజు ధర మాత్రం మళ్లీ ఒకసారి చూసుకోండి.

2 జీబీ చాలాలంటే ఇంకో చిన్న పని ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్, డేటా అని ఉంటుంది. అక్కడ మొబైల్ డేటా మీద ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అవకుండా టిక్కులు తీసేయండి. మీ పాత విద్యార్థుల గ్రూపులో తెల్లారేసరికి వచ్చిపడే శుభోదయాలు మీ నెట్ మీదే దిగుతున్నాయి. కావాల్సింది నొక్కి చూసుకుంటే సరి.

ప్రశ్న: నెట్ లేని ప్యాక్ చవకని ఎవరో చెబితే 84 రోజులది వేయించుకున్నాను. మర్నాడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు టికెట్‌కి ఫోన్‌పే చేయబోతే తిరుగుతూనే ఉంది. చేతిలో చిల్లర లేదు. ఫొటోల్లో వచ్చే లేసు డిజైన్లు రావడం లేదు, కువైట్ నుంచి మా అమ్మాయి రోజూ అరగంట చేసే వీడియో కాల్ కూడా రావడం లేదు. నన్ను మోసం చేశారా? – లేసు అల్లకం చేసే గృహిణి, నరసాపురం దగ్గర

జవాబు: మోసం కాదమ్మా, చెప్పాల్సింది సగమే చెప్పారు. ఫోన్ కంపెనీలకి నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్, 2024 డిసెంబరులో ఒక నిబంధన మార్చింది. నెట్ అక్కర్లేని వాళ్ల కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ ఒక్కటైనా పెట్టాలంది. ఇలాంటి ప్యాకుల గడువు అంతకుముందు 90 రోజులు దాటకూడదు, దాన్ని 365 రోజుల దాకా పెంచింది. 2025 జనవరిలో ప్యాకులు వచ్చాయి. ముందు పెట్టిన ధర ఎక్కువైందని విమర్శలొస్తే కొద్ది రోజుల్లోనే తగ్గించారు. తగ్గించాక ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1,849 అయ్యింది. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748.

మంచి ప్యాకే, బటన్ ఫోన్ వాడే వాళ్లకి. అందులో నెట్ చుక్క కూడా ఉండదు. ఇంట్లో వైఫై ఉంటే వాట్సాప్ నడుస్తుంది గానీ వైఫై రేవు దాకా వెంట రాదు కదా! బ్యాంకు ఓటీపీలు మాత్రం మామూలుగానే వస్తాయి, అవి ఎస్సెమ్మెస్‌లు కాబట్టి. నెట్ లేకుండా ఫోన్ కాల్‌తోనే డబ్బు పంపే యూపీఐ 123పే అని ఒకటుంది, 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు మొదలుపెట్టింది. వెనక బళ్ల వాళ్లు హారన్ కొడుతుంటే, పంటు కదలబోతుంటే, ఆ కాల్‌లో అంకెలు నొక్కుతూ నిలబడటం అయ్యే పనా? రేవుకి వెళ్లేటప్పుడు కొంగున యాభై రూపాయలు కట్టుకోవడమే నయం.

ఇంతకీ అసలు సంగతి వేరే ఉంది. మీరు నెట్ తక్కువ వాడే మనిషి కాదమ్మా. లేసు డిజైన్లు ఫొటోల్లో వస్తాయని రాశారు, కువైట్ నుంచి రోజూ అరగంట వీడియో కాల్ అని రాశారు. వీడియో ముందు 2 జీబీ ప్యాక్ వారం కూడా నిలవదు. రోజువారీ డేటా ప్యాక్ మీకే కావాలి. ఎవరో చెప్పారని ప్యాక్ మార్చకండి. వాళ్ల ఫోన్ వేరు, మీ ఫోన్ వేరు.

ప్రశ్న: నా మోటారుకి మొబైల్ స్టార్టర్ పెట్టించాను. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది. అందులో సిమ్ముకి కూడా నెలనెలా రీచార్జి దండగ అనిపిస్తోంది. తక్కువలో ఏమైనా ఉందా? – కొబ్బరి రైతు, ముమ్మిడివరం మండలం

జవాబు: ఆయ్, నెట్ లేని ప్యాక్ కనిపెట్టింది మీ స్టార్టర్ కోసమేనండి! దానికి వాట్సాప్ లేదు, రీల్స్ చూడదు. కాల్ ఎత్తాలి, మెసేజ్ పంపాలి, అంతే. ఏడాది ప్యాక్ ఒక్కసారి వేయించి పడేయండి. ఎయిర్‌టెల్‌లో 199 చొప్పున 13 సార్లంటే 2,587, నెట్ లేని ఏడాది ప్యాక్ 1,849. డబ్బు సంగతి అలా ఉంచండి, అర్ధరాత్రి ప్యాక్ అయిపోయి లైటు పట్టుకుని తోటలోకి నడిచే టెన్షన్ తప్పుతుంది.

ఒకటి చూసుకోండి. ఈ స్టార్టర్లలో చాలావాటికి 2జీ సిమ్మే పడుతుంది. జియోకి 2జీ లేదు. కాబట్టి చవకగా ఉందని అందులో జియో సిమ్ము వేయకండి. తోటలో ఏ కంపెనీ సిగ్నల్ నిలబడుతుందో ఒక నెల చిన్న ప్యాక్‌తో చూసి, అప్పుడు ఏడాదిది వేయించండి. మధ్యలో వేరే కంపెనీకి పోర్ట్ అయితే మిగిలిన గడువు గోదాట్లో కలిసినట్టే. ప్యాక్ అయిపోయే తేదీ మార్కర్‌తో స్టార్టర్ పెట్టె మూత లోపల రాసుకోండి. నా దగ్గరికి వచ్చే రైతులకి నేనే రాసిస్తాను.

ప్రశ్న: నెలంటే 30 రోజులు కదా, 28 ఏమిటి? – విద్యార్థి, తణుకు

జవాబు: ఆ రెండ్రోజుల్లోనే వాళ్లకి పదమూడో రీచార్జి ఉంది బాబూ. 2022లో ట్రాయ్ చెప్పింది, 30 రోజుల ప్యాక్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునేది ఒకటి తప్పనిసరిగా ఉండాలని. అడిగితే వేస్తారు.

ప్రశ్న: డబ్బు కట్ అయ్యింది, ప్యాక్ పడలేదు. కొట్టువాడు నాకు తెలియదంటున్నాడు. – పాఠకురాలు, రావులపాలెం

జవాబు: మీ ఫోన్ నుంచే 198కి చేయండి, ఉచితం. ఫిర్యాదు నంబరు ఇస్తారు, అది రాసుకోకుండా ఫోన్ పెట్టేయకండి. గడువులోగా తేల్చకపోతే ఆ నంబరు పట్టుకుని అదే కంపెనీ అప్పీలు అధికారికి 30 రోజుల్లో రాయొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారి పాత సిమ్ము బ్యాంకు కోసమే ఉంచాం. ఖాతాలో 20 రూపాయలుంటే చాలు, నంబరు పోదని ఎవరో పంపారు. నిజమేనా? – పాఠకుడు, అమలాపురం

జవాబు: సగం నిజం. వరుసగా 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరునే కంపెనీ రద్దు చేయొచ్చు. అప్పటికి మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. బ్యాలెన్స్ లేకపోయినా 15 రోజులు గడువిస్తారు. 2013 నుంచీ ఉన్న నిబంధనే. కానీ ఆ 20 రూపాయలు నంబరు వేరే వాళ్లకి పోకుండా ఆపడానికే. ప్యాక్ లేకపోతే ఫోన్లు రావడం ఆగిపోతుంది, ఓటీపీ వస్తుందన్న భరోసా ఉండదు. ఇంకోటి, ప్యాక్ వేయించినంత మాత్రాన మెయిన్ బ్యాలెన్స్ పెరగదు, టాపప్ విడిగా వేయించాలి. 20 టాపప్ వేస్తే పన్నూ అదీ పోగా ఖాతాలో పడేది 15 రూపాయల లోపే! 50ది వేయించండి. బ్యాంకు కోసమే అయితే నెట్ లేని 84 రోజుల ప్యాక్ దానికంటే నిశ్చింత.

ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, నా కన్నతల్లి నంబరు నేనే పోగొట్టాను. అమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని ఐదు నెలలు మా ఇంట్లో ఉంది. ఆవిడ బటన్ ఫోన్ ఊళ్లో ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. రోజుకు వందమందికి రీచార్జి వేసేదాన్ని, నాకు గుర్తే లేదు. అమ్మ ఊరెళ్లాక వేయబోతే పడలేదు. కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే నంబరు రద్దయిందన్నారు, ఒక్క హెచ్చరిక మెసేజ్ పంపాం చూసుకోలేదా అన్నారు. ట్రంకుపెట్టెలో ఉన్న ఫోన్‌కి పంపారట! గ్యాస్ బుకింగు, బ్యాంకు, ఆధార్, అన్నీ ఆ నంబరు మీదే. వాటిని మార్చడానికి అమ్మని రిక్షాలో ఎక్కించుకుని ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో!

కొన్నాళ్లకి ఆ నంబరు వేరే ఎవరో అబ్బాయికి ఇచ్చారు. పాపం మంచివాడు. మా వాళ్లెవరు చేసినా "నేను ఆవిడ కాదండి" అని ఓపిగ్గా చెబుతాడు. పోయిన సంక్రాంతికి మా పిన్ని మళ్లీ ఆ నంబరుకే చేసి, అరిసెలు ఎలా కుదిరాయో ఆ అబ్బాయికే చెప్పి పెట్టేసిందట.