ఆర్కే బీచ్‌లో చేతక్ వచ్చే వేళకి

చిరంజీవి చిన్నమ్మడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి వస్తున్నావట. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు తీస్తావట. పాత యుద్ధ విమానాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి దాచుకోవాలని నీ కోరికట, మొదలు మన వైజాగ్ నుంచేనట. ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపాను, మన ఇంట్లో పిల్లలెవరూ కెమెరా వైపు చూడలేదు. ఆ మాట వినగానే ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఫోన్ పెట్టేసే ముందు వాడు ఇంకో మాట అన్నాడు. "వాళ్ళ అక్క కొడుకుని కూడా తీసుకెళ్తుందట అన్నయ్యా, వాడికి హెలికాప్టర్లంటే పిచ్చి కదా" అని. ఇక నాకు తెల్లవారేదాకా నిద్ర లేదు.

ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ ఇందులో ఒక సంగతి చెప్పబోతే నాకు గొంతు ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను.

బ్యాటరీలు రెండు, కార్డులు రెండు, నీళ్ళ సీసా, టోపీ. ఇవి నీకు చెప్పనక్కర్లేదు.

ఉప్పు గాలి సంగతి మాత్రం చెప్పాలి, హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అది తెలియదు. బీచ్‌లో లెన్సు మార్చకు. ఏ లెన్సుతో దిగావో దానితోనే పైకి రా. ఇంటికి రాగానే కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో కెమెరా అంతా తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడువు. రేపు చేద్దామనుకుంటే ఉప్పు ఊరుకోదు. నా పాత జూమ్ లెన్సు రింగు ఒకటి అలాగే బిగుసుకుపోయింది.

వెలుగు విషయంలో మనం అదృష్టవంతులం. మన సముద్రం తూర్పున ఉంది. విన్యాసాలు సాయంత్రం పూట జరుగుతాయి, అప్పటికి సూర్యుడు ఊరి వైపు, అంటే నీ వీపు వెనక ఉంటాడు. నీళ్ళ మీద ఎగిరే ప్రతి దాని మీదా ఎదురుగా వెలుగు పడుతుంది. కానీ డిసెంబరులో అయిదూ ఇరవైకల్లా సూర్యుడు దిగిపోతాడు. నాలుగూ ముప్పావు దాటాక ప్రతి అయిదు నిమిషాలకీ వెలుగు తగ్గుతుంది, ఐఎస్‌ఓ, అంటే వెలుగుని పట్టే శక్తి, పెంచుకుంటూ పోవాలి. ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేములో కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆ తెల్లదనం చూసి మోసపోయి విమానాన్ని కాకిలా నల్లగా చేసేస్తుంది. దాదాపు ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుగు, ఎక్కువ ఇవ్వు.

ఇక షట్టర్ స్పీడు, అంటే కెమెరా లోపలి తెర ఎంతసేపు తెరుచుకుని ఉంటుందన్న లెక్క. మీ తరం పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. కదిలేదాన్ని తీయాలంటే ఎంత వేగంగా పెడితే అంత మంచిదనుకుంటారు. హాక్ లాంటి జెట్ విమానానికి అది నిజమే, వెయ్యో వంతు సెకనుకి తగ్గకు. ఇంకో మాట, జెట్ చప్పుడు వినపడ్డ వైపు చూడకు. రెండు కిలోమీటర్ల దూరం నుంచి చప్పుడు మన చెవికి చేరడానికి ఆరు సెకన్లు పడుతుంది, అప్పటికి విమానం ఆ చోట ఉండదు.

చేతక్ హెలికాప్టర్‌కి మాత్రం ఆ లెక్క పనికిరాదు. దాని పైన మూడు రెక్కలు నిమిషానికి సుమారు 350 చుట్లు తిరుగుతాయి. సెకనుకి ఆరు చుట్లు కూడా కాదు. వెయ్యో వంతు సెకనులో ఆ రెక్క కదిలేది రెండు డిగ్రీలే. అంటే ఫొటోలో అది ఆగిపోయినట్టు కనిపిస్తుంది. గాల్లో ఎగిరేది కాస్తా దారం కట్టి వేలాడదీసిన బొమ్మ అయిపోతుంది. 1/125 పెడితే పదిహేడు డిగ్రీలు కదులుతుంది, 1/60 పెడితే ముప్పై అయిదు. అప్పుడు రెక్కలు పొగలా పరుచుకుని అది ఎగురుతున్నట్టు తెలుస్తుంది. కానీ అంత నెమ్మది షట్టర్‌కి నీ చేతులు నిలవాలి. పాదాలు కదలకుండా, నడుము దగ్గర నుంచి తిరుగు. ఒక ఉదయం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపల కోసం తిరిగే గద్దలని తీసి అలవాటు చేసుకో. పదింట తొమ్మిది పాడవుతాయి, బెంగపడకు. రేపు ఎప్పుడైనా వాయుసేన వాళ్ళ పాత డకోటా విమానం, పరశురామ అని పేరు పెట్టుకున్నారే, అది ఎగరగా తీసే రోజు వస్తే ప్రొపెల్లర్‌కీ ఇదే పద్ధతి.

చేతక్ మీద నాకు మమకారం ఎక్కువ. దాని అసలు రూపం, ఫ్రెంచివాళ్ళ అలూయెట్-3, మొదటిసారి ఎగిరింది 1959లో. నేను పుట్టింది ఆ మరుసటి ఏడు. మన దేశపు విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళు ఇక్కడ తయారుచేసింది 1965 నుంచి. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ మీద ఈ రకం హెలికాప్టర్లు ఉండేవి, సముద్రంలో పడ్డ పైలట్లని పైకి లాగడానికి. ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి నాకింకా గుర్తుంది. ఊరంతా బ్లాకౌట్. మహారాణిపేటలో మన పాత ఇంటి కిటికీలు ఒక్కసారిగా దడదడలాడాయి. నాకు పదకొండేళ్ళు, మీ నాన్న నా నడుం పట్టుకుని ఏడ్చాడు. ఘాజీ అనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మన తీరంలోనే మునిగిపోయిందని తర్వాత తెలిసింది. నీళ్ళ మీద తేలిన వస్తువులు జాలర్లు తెచ్చారని ఊరంతా చెప్పుకున్నారు. మీ వయసువాళ్ళకి నేవీ డే అంటే ఒక సరదా. మాకు ఆ కిటికీల చప్పుడు.

పొద్దున్నే బీచ్ రోడ్డులో ప్రదర్శనకి పెట్టిన టీయూ-142 అనే పాత నేవీ విమానం దగ్గరికి వెళ్ళు. అప్పుడు వెలుగు సముద్రం వైపు నుంచి నేరుగా దాని మీద పడుతుంది. 1988లో మన నేవీలో చేరి 2017లో రిటైరయింది. 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కలు. మొత్తం ఒకే ఫ్రేములో పట్టాలని వైడ్ లెన్సు పెడితే ముక్కు ఒక్కటే పెద్దదై మిగతాది తోకలా సన్నబడుతుంది. మొత్తం వద్దు. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఎదురెదురు దిక్కులకి తిరిగేవి, ఉంటాయి చూడు, వాటి దగ్గర ఒక అరగంట కూర్చో. బీచ్ రోడ్డులోనే ఉన్న సీ హారియర్ అనే పాత నేవీ జెట్‌కి పక్కన కిందకి తిరిగే పొగ గొట్టాలు ఉంటాయి, నిటారుగా దిగగలిగేది వాటి వల్లే. అది తియ్యకుండా రాకు.

ఇక్కడ ఒక్కసారి కోప్పడతాను, ఏమీ అనుకోకు. నీ దగ్గర డ్రోన్ ఉందని మీ నాన్న గొప్పగా చెప్పాడు. దాన్ని హైదరాబాద్‌లోనే వదిలేసి రా. నేవీ స్థావరాల చుట్టూ మూడు కిలోమీటర్ల మేర డ్రోన్ ఎగరెయ్యడం నిషేధం. ఎయిర్‌పోర్టు పక్కన గోడ దగ్గర నిలబడి తీద్దామనీ అనుకోకు. అది ఐఎన్‌ఎస్ డేగా, నేవీ వాళ్ళ చోటు. జనం కోసం తెరిచి పెట్టినవి మనకి చాలు.

ఇప్పుడు అసలు సంగతి.

అప్పటికి నువ్వు పుట్టలేదు. కుర్సురా సబ్‌మెరైన్ ఇంకా ఒడ్డుకి రాలేదు. రీళ్ళ కాలం. మీ అక్కకి ఆరేళ్ళు. నేవీ విన్యాసాలు చూపిస్తానని మీ అమ్మని ఒప్పించి తీసుకెళ్ళాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పచ్చ గౌను. మెడలో నా పెంటాక్స్ కెమెరా, జేబులో రెండు రీళ్ళు. విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఇసుకలో నిలబడ్డాం. మొదటి ఫొటో మీ అక్కదే తీశాను. తర్వాత దూరంగా ఓడలు వరస కట్టి వస్తుంటే ఆశ ఆపుకోలేకపోయాను. ఇంతింత చుక్కల్లా ఉన్నవాటి మీద ఇరవై అయిదు ఫ్రేములు ఖర్చు పెట్టాను. చేతక్ వచ్చేసరికి పది మిగిలాయి. అవి క్షణంలో అయిపోయాయి. సరిగ్గా అప్పుడే అది మా వైపు తిరిగింది. తలుపులోంచి తాడు కిందకి జారింది, తాడు పట్టుకుని కమాండోలు దిగుతున్నారు. జనం అంతా లేచి ముందుకి తోసుకుంటున్నారు. నా కెమెరాలో రీలు లేదు.

రీలు చుట్టడానికి రెండు చేతులూ కావాలి. మీ అక్క చెయ్యి వదిలి, "నా ప్యాంటు పట్టుకో అమ్మా" అన్నాను. కిందకి వంగి, ఇసుక పడకుండా కెమెరాని పొట్టకి ఆనించుకుని పిడి తిప్పుతున్నాను. ముప్పై ఆరు ఫ్రేములు వెనక్కి చుట్టడానికి ఎంతసేపని? అర నిమిషం. తల ఎత్తేసరికి ప్యాంటు పట్టుకున్న చెయ్యి లేదు.

నేను ముందు చూసింది జనం వైపు కాదు, నీళ్ళ వైపు. ఆర్కే బీచ్ అలలు ఎలా లోపలికి లాగేస్తాయో ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మోకాళ్ళ లోతు దాకా దిగి పచ్చగౌను కోసం చూశాను. అరిచాను. పైన హెలికాప్టర్ మోతకి నా గొంతు నాకే వినపడలేదు. ఎవరిని పట్టుకుని అడిగినా చెయ్యి ఆకాశం వైపు చూపించి, అటు చూడమంటున్నారు. నేను వాళ్ళ పిల్లల మొహాల్లోకి చూస్తూ తిరిగాను. ఎర్ర రిబ్బన్లు ఎంతమందికి ఉంటాయో ఆ రోజే తెలిసింది.

నలభై నిమిషాలు. కాళీ గుడి దగ్గర ముంత మసాలా బండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. జనం తోపులాటలో కొట్టుకుపోయిందట. ఏడుస్తుంటే ఆ బండి ఆవిడ కూర్చోబెట్టి, కాగితం పొట్లంలో మరమరాలు పెట్టి, "మీ నాన్న వస్తాడు, కదలకు" అందట. డబ్బులివ్వబోతే ఆవిడ తీసుకోలేదు. నన్ను ఒక్క మాట అనలేదు కూడా. నా తడిసిన ప్యాంటు వైపు చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆవిడ పేరు అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. మళ్ళీ వెళ్తే ఆ బండి అక్కడ లేదు.

ఇంటికొచ్చి మీ అమ్మకి, దారిలో కాసేపు కనపడలేదని మాత్రమే చెప్పాను. నలభై నిమిషాలని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ అక్కకి గుర్తున్నది ముంత మసాలా ఒక్కటే. ఇప్పటికీ బీచ్‌కి వెళ్తే అడిగి మరీ తింటుంది.

ఆ రీలు పది రోజుల దాకా కడగలేదు. కడిగాక చూస్తే ఓడలన్నీ చుక్కలే. చేతక్ ఫొటోలు పదీ వెయ్యో వంతులో తీసినవి, రెక్కలు కర్రల్లా ఆగిపోయి ఉన్నాయి. వాటి కోసం వదిలాను ఆ చెయ్యి. మొదటి ఫొటో ఒక్కటే బాగా వచ్చింది. అదే మీ ఇంట్లో టీవీ పైన గోడకి ఉన్నది.

నీకు రీలు మార్చే పని లేదు కదా అనుకోకు. గబగబా ముప్పై ఫొటోలు కొట్టి, ఎలా వచ్చాయోనని తల వంచి స్క్రీన్ చూసుకుంటావు. నేను పిడి తిప్పిన అర నిమిషమూ అదీ ఒకటే.

అందుకని నేను రాత్రంతా ఆలోచించింది ఇది. అసలు రోజుకి ముందే అదే బీచ్‌లో రిహార్సల్స్ చేస్తారు. అవే ఓడలు, అవే హెలికాప్టర్లు, జనం తక్కువ. ఆ రోజు నువ్వొక్కదానివే కెమెరాతో వెళ్ళు, కడుపునిండా తీసుకో. అసలు రోజు కెమెరా ఇంట్లో పెట్టి గుంటడిని తీసుకెళ్ళు. వాడి చెయ్యి పట్టుకుని, చేతక్ తాడు దించుతుంటే వాడి మొహం చూడు. కెమెరా లేకపోతే ఎలా అని నువ్వు మొహం ముడుచుకుంటావని తెలుసు. ఫోన్ ఉంటుందిగా, ఒక ఫొటో వాడిది తియ్యి, చాలు.

వాడికి ముదురు నారింజ రంగు చొక్కా వెయ్యి. జేబులో నీ నంబరూ నా నంబరూ రాసిన కాగితం పెట్టు. నీళ్ళకి దూరంగా, మెట్ల దగ్గర నిలబడండి. తప్పిపోతే ఎక్కడికి రావాలో వాడికి ముందే చూపించు. కాళీ గుడి అందరికీ తెలుస్తుంది.

నా మోనోపాడ్, అదే ఒంటికాలి కెమెరా స్టాండు, తుడిచి పెట్టాను, రాగానే ఇంటికొచ్చి తీసుకెళ్ళు. మీ పెద్దమ్మ బొంగులో చికెన్ తినిపించాలంటోంది, దానికి అరకు దాకా వెళ్ళాలి, నీకు సెలవు ఎన్ని రోజులో చెప్పు. ఈ ఉత్తరం మీ అక్కకి చూపించాలనిపిస్తే చూపించు. ఇన్నేళ్ళయింది, దానికి తెలియాలి.

ఇట్లు,
మీ పెదనాన్న
మహారాణిపేట, విశాఖపట్నం