పాస్ గడువు దాటిన పిల్లవాణ్ని బస్సు నుంచి దించేయవచ్చా?

నెల పాస్ గడువు ముగిసిందని పదకొండేళ్ల పిల్లవాణ్ని సిటీ బస్సు నుంచి దారిలో దించేస్తే తప్పేముంది, నిబంధన అందరికీ ఒకటే కదా అని మీరు అడిగారు. నిబంధన ఒకటే కావచ్చు గానీ, దాన్ని అమలు చేసే తీరు పెద్దవాళ్లకూ పిల్లలకూ ఒకటిగా ఉండకూడదని నా అభిప్రాయం. ఇది మా ఇంట్లోనే జరిగింది.

మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా ఒక సోమవారం ఉదయం బస్సులో చూపించిన పాస్‌కు ముందురోజుతోనే గడువు తీరిపోయింది. శనివారం కౌంటరుకు వెళ్లి రెన్యువల్ చేయించవలసింది నేను, మరచిపోయిందీ నేనే. వాడి దగ్గర డబ్బులు లేవు. కండక్టరు గారు తిట్టలేదు, గట్టిగా మాట్లాడలేదు. పాస్ మీద తేదీని వేలితో చూపించి, బడికి నాలుగు స్టాపుల ముందు దించేశారు. ఎప్పుడూ బస్సులో తప్ప ఆ దారిన నడిచి ఎరుగని వాడు బస్సు వెళ్లిన వైపే నడుచుకుంటూ రెండో పీరియడ్‌కు చేరాడు. ఆలస్యమైనందుకు అక్కడ మళ్లీ నిలబెట్టారు.

ఆ పూట కన్నా ఆ తరువాతి రెండు నెలలే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. రోజూ బూట్లు వేసుకునే ముందు పాస్ తీసి, దాని మీది తేదీని నాకు పైకి చదివి వినిపించేవాడు. అదే కండక్టరు ఉన్న బస్సు వస్తే ఎక్కకుండా వదిలేసి తరువాతి బస్సు కోసం నిలబడేవాడని వాడి స్నేహితుడు చెబితే తెలిసింది.

అయినా కండక్టరును ఒక్కణ్నే తప్పుపట్టలేను. మా వీధిలో విశ్రాంత కండక్టరు ఒకాయన ఉన్నారు. "చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు టికెట్ లేని మనిషి ఒక్కడు దొరికినా సంజాయిషీ రాసుకోవలసింది మేమే కదమ్మా, జాలిపడ్డానని రాస్తే చెల్లుతుందా?" అన్నారాయన. పై నుంచి దిగే భయం చివరికి అందరికన్నా చిన్నవాడి మీద పడుతుంది.

అందుకే ఈ సడలింపు కండక్టరు మంచితనానికి వదిలేయకుండా రాతలో ఉండాలంటాను. రైళ్ల విషయంలో అది ఉంది. 1989 నాటి రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం ఛార్జీ చెల్లించని వ్యక్తిని రైలు నుంచి దించవచ్చు. కానీ వెంట మగ ప్రయాణికుడు లేని స్త్రీనైనా పిల్లలనైనా వాళ్లు ఎక్కిన స్టేషన్లోనో, జంక్షన్ లేదా చివరి స్టేషన్లోనో, జిల్లా కేంద్రంలోని స్టేషన్లోనో తప్ప దించకూడదు, అదీ పగటిపూట మాత్రమే. హైదరాబాద్ ఎంఎంటీఎస్ కూడా రైల్వే నడిపేదే కాబట్టి ఈ రక్షణ అక్కడా వర్తిస్తుంది. బస్సుల సంగతికి వస్తే, టికెట్ గానీ పాస్ గానీ లేని ప్రయాణానికి మోటారు వాహనాల చట్టం 178వ సెక్షన్ కింద రూ.500 వరకు జరిమానా ఉంది. జరిమానా వేయాలనుకుంటే పాస్ మీద తల్లిదండ్రుల ఫోన్ నంబరు రాయించి మా దగ్గరే వసూలు చేసుకోవచ్చు, బడి పిల్లవాణ్ని మాత్రం బడి దాకా తీసుకువెళ్లాలి. ఈ మాటే రాసి డిపోలో ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు, అంతకుమించి జవాబు రాలేదు.

ఆ రోజు సాయంత్రమే పాస్ కవరు వెనుక ఇరవై రూపాయల నోటు ఒకటి మడిచి పెట్టాను. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. కవరు మారింది గానీ, నోటు పెట్టుకోవడం మానలేదు.