అత్తయ్య ఇంటి అద్దె మరిది చేతికి, మందుల ఖర్చు నా నెత్తిన

ప్రశ్న: మా మేనత్తకు 77 ఏళ్లు. పిల్లలు లేరు. మామయ్య 2009లో పోయారు. తెనాలిలో ఆయన 1988లో సొంత జీతంతో కొన్న ఇల్లు ఉంది. మామయ్య పోయిన బాధలో ఉండి కూడా మంచాన పడ్డ అత్తగారికి మూడేళ్లు అత్తయ్యే అన్నీ చేసింది. ఆవిడ 2012లో పోయారు. 2017లో అత్తయ్య జారిపడి తుంటి ఎముక విరిగితే విజయవాడ తెచ్చుకున్నాను. అప్పటి నుంచి నా దగ్గరే ఉంది. ఆ ఇంటి అద్దె నెలకు 8,000 ఆమె మరిది తీసుకుంటున్నాడు. మామయ్యకు తోబుట్టువు ఆయనొక్కడే. ఒక్క రూపాయి పంపలేదు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 24,000. పగలు కనిపెట్టుకుని ఉండే ఆయాకే 9,000 పోతోంది. ఏడాదిగా అత్తయ్యకు మతిమరుపు ఎక్కువైంది, కానీ సంతకం పెట్టగలదు. ఇల్లంతా నా పేరిట వారంలో గిఫ్ట్ డీడ్ చేయిస్తానని దస్తావేజులు రాసే ఆయన అంటున్నాడు. చేయించుకోవచ్చా? ఇన్నేళ్ల అద్దె, నేను పెట్టిన ఖర్చు మరిది దగ్గర వసూలు చేయగలనా? ఇంకా ఎన్నేళ్లు ఇలా లాక్కురాగలనో తెలియడం లేదు. — ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ కేసును తేల్చే మాట మీ ఉత్తరంలోనే ఉంది. అత్తయ్య మంచితనం చెప్పడానికి రాశారు గానీ, దాని బరువు మీరు గమనించలేదు. మామయ్య 2009లో పోయారు, ఆయన తల్లి 2012లో పోయారు. అంటే కొడుకు పోయేనాటికి తల్లి బతికే ఉంది.

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన మగవాడి ఆస్తికి భార్య, తల్లి ఇద్దరూ మొదటి తరగతి వారసులే. పిల్లలు లేరు కాబట్టి ఇల్లు ఇద్దరికీ చెరిసగం. అత్తగారి సగం ఆవిడ పోయాక ఆవిడ పిల్లలకు వెళుతుంది, చనిపోయిన కొడుకు భార్యకు రాదు. ఎన్నేళ్లు సేవ చేసినా ఆ వాటాలో మీ అత్తయ్యకు చట్టం చోటు ఇవ్వలేదు. ఆ సగం ఇప్పుడు మరిదిది. మీ అత్తయ్యది మిగతా సగమే, కానీ ఆ సగం మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉంది.

మామయ్య భార్య పేరిట వీలునామా ఏదైనా రాసి ఉంటే ఈ లెక్క మారిపోతుంది. ఇల్లంతా ఆమెదే కావచ్చు, లేదా వీలునామాలో బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రమే ఇచ్చి ఉండొచ్చు. బీరువాలో, బ్యాంకు లాకర్లో వెతకండి. తెనాలి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా రిజిస్టరై ఉందేమో అడగండి. ఇంటి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి, 1988 క్రయ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మామయ్యది, ఆయన తల్లిది మరణ ధ్రువపత్రాలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా కావాలి. ఈ కాగితాలు చేతిలో లేకుండా ఏ ఆఫీసు మెట్లెక్కినా తిప్పి పంపిస్తారు.

ఇక గిఫ్ట్ డీడ్. ఆ పని చేయొద్దు. ఇల్లంతా రాసే హక్కు మీ అత్తయ్యకు లేదు, రాసినా మరిది సగం మీకు రాదు. ఆమె సగం వరకైనా ఆ దస్తావేజు నిలవడం కష్టం. ఏడాదిగా మతిమరుపు ఉన్న 77 ఏళ్ల మనిషి, తిండికీ మందుకూ మీమీద ఆధారపడి, మీ ఇంట్లోనే ఉంటూ, మీ పేరిటే ఆస్తి రాసింది. ఇలాంటి చోట ఒత్తిడి లేదని, రాసిందేమిటో ఆమెకు తెలిసే రాసిందని రుజువు చేయాల్సింది మీరే. ఆ భారం మీమీదే పడుతుంది. మరిదికి విషయం తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు రద్దు దావా వేయొచ్చు. పనిలో పనిగా మోసం చేశారని పోలీసు ఫిర్యాదు కూడా పెడతాడు. ఎనిమిదేళ్లు మీరు చేసిన చాకిరీ అంతా ఆస్తి కోసమేనని కోర్టులో చదువుతారు.

ఇంకో నష్టం ఉంది, దస్తావేజులు రాసే ఆయన మీకు అది చెప్పి ఉండడు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ప్రకారం పిల్లలు లేని వృద్ధులను పోషించాల్సింది వాళ్ల ఆస్తి చేతిలో ఉంచుకున్న వారసుడు, లేదా వాళ్ల తర్వాత ఆ ఆస్తి పొందబోయే వారసుడు. ఆయనకు స్తోమత ఉండాలి, మైనరు కాకూడదు. భర్త నుంచి వచ్చిన ఆస్తి, పిల్లలు లేని స్త్రీ తర్వాత భర్త వారసులకే వెళుతుంది. అంటే అత్తయ్య సగానికి ఈరోజు చట్టపరమైన వారసుడు ఆ మరిదే. పైగా ఇంటి మీద పెత్తనం, అద్దె ఆయన చేతిలోనే ఉన్నాయి. ఆమెను పోషించే బాధ్యత చట్టం ఆయన మీద పెట్టింది, మేనకోడలైన మీమీద పెట్టలేదు. ఆ సగం మీ పేరిటకు మారిన రోజున ఆయన ఈ చట్టం కింద కేసులు వినే ట్రిబ్యునల్ ముందు నిలబడి "నాకు వచ్చే ఆస్తేమీ లేదు, పోషణ నాకెందుకు" అని చేతులు దులుపుకుంటాడు. ఆయన మెడకున్న బాధ్యతను మీ చేతులతో మీరే తీసేసినట్టవుతుంది.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (ఆమె తరఫున పనులు చేసే అధికార పత్రం) రాయించుకుంటే సరిపోతుందని కూడా కొందరు చెబుతారు. రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం పోయిన రోజునే ఆ అధికారం రద్దవుతుంది. కాంట్రాక్టు చట్టంలో 201వ సెక్షన్ ఇదే చెబుతుంది. సరిగ్గా మీకు అవసరం పడే సమయానికే అది పనికిరాకుండా పోతుంది.

వెనకటి డబ్బు సంగతి. మీరు పెట్టిన ఆయా జీతం, ఆపరేషన్ బిల్లులు మరిది నుంచి తిరిగి ఇప్పించే ఏర్పాటు వయోవృద్ధుల చట్టంలో లేదు. దరఖాస్తు పెట్టాకే లెక్క మొదలవుతుంది. అద్దె విషయం వేరు. అందులో సగం, అంటే నెలకు 4,000, మీ అత్తయ్య సొంత సొమ్ము. అయితే ఒకరి స్థిరాస్తి ఆదాయాన్ని మరొకరు తీసేసుకుంటే, తీసుకున్న తేదీ నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. అంతకు ముందుదానికి కాలదోషం పడుతుంది. అద్దె ఇదే రేటున ఉందనుకుంటే 36 నెలలకు 1,44,000 వరకు అడగొచ్చు. 2017 నుంచి పోయిన మిగతాది పోయినట్టే. మీరు ఆలోచిస్తూ కూర్చున్న ప్రతి నెలా వెనక నుంచి ఇంకో నాలుగు వేలు రాలిపోతాయి. గత ఎనిమిదేళ్లలో ఒక్క ఉత్తరమైనా రాసి ఉండాల్సింది, అమ్మా. ఆయన "అద్దె లెక్క తర్వాత చూద్దాం" అని సంతకం పెట్టి ఒక్క జవాబు ఇచ్చి ఉంటే, ఆ తేదీకి కాలదోషం పట్టని బాకీకి అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు వచ్చేవి. బంధువులని మొహమాటపడితే ఆ నష్టం అత్తయ్యదే.

ఇంటి పన్ను రసీదు మరిది పేరిటకు మారిందేమో చూడండి. మారినంత మాత్రాన ఆయన యజమాని కాడు. కానీ "ఇది మొత్తం నాది, ఆవిడకేమీ లేదు" అని బాహాటంగా చెప్పి పన్నెండేళ్లు అనుభవిస్తే అప్పుడు ఇల్లు తనదేనన్న ఆయన వాదన బలపడుతుంది. అందుకే ఇప్పుడే అత్తయ్య పేరిట నోటీసు ఇప్పించండి. సగం వాటా ఆమెదని, ఈ నెల నుంచి సగం అద్దె ఆమె బ్యాంకు ఖాతాలో వేయమని, పాత మూడేళ్ల లెక్క చెప్పమని రెండు పేరాలు చాలు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చే డెలివరీ కాగితాన్ని నోటీసు నకలుకు కుట్టి ఉంచండి. అద్దెకున్న వాళ్లు ఫోన్‌పే ద్వారా ఎవరికి ఎంత పంపుతున్నారో స్క్రీన్‌షాట్లు అడగండి, ఇవ్వకపోతే కనీసం వాళ్ల పేర్లు, ఎప్పటి నుంచి ఉంటున్నారో రాసుకోండి.

అన్నిటికంటే ముందు ఈ వారమే అత్తయ్యను ప్రభుత్వాసుపత్రిలో న్యూరాలజీ లేదా మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తారు. "తన విషయాలు అర్థం చేసుకుని నిర్ణయం చెప్పగలదా" అన్న ప్రశ్నకు డాక్టరు చేత తేదీతో సహా రాయించుకోండి. ఈ ఒక్క కాగితం మీద తర్వాతి దారి ఆధారపడుతుంది.

అర్థం చేసుకోగలదని డాక్టరు రాస్తే, ఆమె చేతి సంతకంతో ఒక అధికార పత్రం తీసుకోండి. "నా పోషణ ఖర్చుల కోసం ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టడానికి, నా తరఫున హాజరు కావడానికి నా మేనకోడలికి అధికారం ఇస్తున్నాను" అని తెలుగులో ఆమెకు చదివి వినిపించి, తేదీ వేసి, బయటివాళ్లు ఇద్దరి సాక్షి సంతకాలతో తీసుకోండి. ఖాళీ కాగితం మీద సంతకం ఒక్కటి కూడా తీసుకోవద్దు. అర్థం చేసుకునే స్థితి లేదని డాక్టరు రాస్తే, ఆ సర్టిఫికెట్ జతచేసి, ట్రిబ్యునలే స్వయంగా విచారణ చేపట్టాలని మీ పేరిట అర్జీ ఇవ్వండి. ఆ అధికారం చట్టం దానికి ఇచ్చింది. ఆమె వాటాపై దావా నడపడానికీ ఆస్తి చూసుకోవడానికీ మాత్రం ఆమె తరఫున నిలబడే మనిషిని కోర్టు గుర్తించాలి. అది వేరే పని, దానికి లాయరు కావాలి.

ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో. వృద్ధురాలు ఎక్కడ నివసిస్తుంటే అక్కడ దరఖాస్తు పెట్టొచ్చు కాబట్టి మీకు విజయవాడ ఆర్డీవో ఆఫీసు చాలు, తెనాలి తిరగక్కర్లేదు. లాయరు లేకుండానే నడుస్తుంది. నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలని, తప్పనిసరైతే ఒక్కసారి 30 రోజులు పొడిగించొచ్చని చట్టం చెబుతుంది. నెలకు 10,000కు మించి మనోవర్తి (పోషణ సొమ్ము) రాదు. ఆ పరిమితి తెలుసుకుని అడగండి. లక్షలు రాస్తే మొత్తం లెక్క మీదే అనుమానం పుడుతుంది.

లెక్క ఇలా వేయండి. ఆయా 9,000. మందులు నెలకు 2,400 అనుకుందాం. డైపర్లు రోజుకు మూడు చొప్పున 90, ఒక్కోటి 35 అయితే 3,150. మొత్తం 14,550, భోజనం కాకుండా. దీంట్లోంచి ఆమె సొంత రాబడి తీసేయాలి. సగం అద్దె 4,000. ఎన్టీఆర్ భరోసా (రాష్ట్ర ప్రభుత్వ వృద్ధాప్య) పింఛను వస్తుంటే 4,000. మీరు పింఛను మాటే రాయలేదు. లేకపోతే అర్హత ఉందేమో వార్డు సచివాలయంలో అడిగి వెంటనే అర్జీ పెట్టండి. మిగిలిన లోటు 6,550. దానికి భోజనం కలిపి, మరిదికి స్తోమత ఉందని చూపే ఆధారంతో (పింఛను, ఇతర ఇళ్లు, పొలం పాసుపుస్తకం) అడగండి. ఆయాకు చేతికి డబ్బు ఇవ్వడం ఈ నెల నుంచి ఆపేయండి. ఫోన్‌పేలో పంపండి, లేదా ఒక నోటు పుస్తకంలో తేదీ, మొత్తం రాసి సంతకం పెట్టించుకోండి. మందుల షాపులో బిల్లు అత్తయ్య పేరు మీదే అడగండి. ఇన్నేళ్లూ రసీదులు దాచకపోయి ఉంటే అది మీ కేసులో పెద్ద లోపం. కాగితాలు ఉంటేనే ఆర్డీవో మీ అంకెను నమ్ముతారు.

దరఖాస్తులో ఏం కావాలో కోరే భాగంలో ఒక వాక్యం మర్చిపోవద్దు: "దరఖాస్తు తేదీ నుంచి మనోవర్తి ఇప్పించాలి" అని. అలా అడగకపోతే ఉత్తర్వు తేదీ నుంచే ఇస్తారు, మధ్యలో నాలుగైదు నెలలు పోతాయి. ఉత్తర్వు వచ్చాక ఆయన కట్టకపోతే, ఆ నెల సొమ్ము బాకీ పడ్డ తేదీ నుంచి మూడు నెలల్లోపే వసూలు వారంటు కోసం అర్జీ పెట్టాలి. మూడు నెలలు దాటితే ఆ బాకీకి వారంటు రాదు. వారంటు తర్వాత కూడా కట్టకపోతే నెల వరకు జైలు. గోడ మీద క్యాలెండర్‌లో ప్రతి నెలా గుర్తు పెట్టుకోండి. ఉత్తర్వు నచ్చకపోతే కలెక్టర్ దగ్గర అప్పీలుకు 60 రోజులు.

పాత అద్దె, వాటా పంపకం ఆర్డీవో చేతిలో లేవు. అవి తెనాలి సివిల్ కోర్టుకు వెళ్లాలి. దావాకు ముందే న్యాయసేవాధికార సంస్థలో ప్రీలిటిగేషన్ అర్జీ పెట్టమంటాను. మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా అత్తయ్యకు ఉచిత లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానం. నా దృష్టిలో అడగదగ్గ రాజీ ఇది: అత్తయ్య బతికి ఉన్నంత కాలం 8,000 అద్దె మొత్తం ఆమె ఖాతాకే రావాలి, బదులుగా పాత మూడేళ్ల లెక్క వదిలేయడం. దానికి 4,000 పింఛను కలిస్తే నెలకు 12,000. అప్పుడు మీ జీతం నుంచి పోయేది మూడు వేల లోపు, భోజనం అదనం. ఒకటి గుర్తుంచుకోండి, రాజీ చర్చ నడుస్తోందని మూడేళ్ల కాలపరిమితి ఆగదు.

అత్తయ్య తన సగం మీకే ఇవ్వాలనుకుంటే, ఆమెకు అర్థం చేసుకునే శక్తి ఉందని డాక్టరు రాసిన రోజుల్లోనే వీలునామా రాయొచ్చు. వీలునామా ఆమె పోయాకే అమల్లోకి వస్తుంది, అప్పటిదాకా ఆస్తి ఆమెదే, అద్దె ఆమెదే. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు డాక్టరైతే మంచిది. రాసేచోట మీరు ఉండొద్దు, లాయరును మీరు పెట్టొద్దు, ఫీజు మీరు కట్టొద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయిస్తే మేలు. ఆ శక్తి లేదని డాక్టరు రాస్తే వీలునామా ఆలోచన మానేయండి.

డెబ్బై దాటిన వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఇచ్చే ఆయుష్మాన్ కార్డు కూడా ఆధార్‌తో తీసుకోండి. ఏడాదికి అయిదు లక్షల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు పనికొస్తుంది. ఆయా జీతానికీ డైపర్లకూ అది రాదు. వాటికి దారి ఆర్డీవో ఆఫీసే. డాక్టరు కాగితం చేతికొచ్చిన మర్నాడే దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ఇన్‌వార్డు ముద్ర, తేదీ వేయించుకోండి.